వాకిటి కుక్క – కొంకిపురుగు



ఖరగపూరు ఎఱ్ఱనేలపై తెలుగువారు కాపురములు పెట్టి నూఱేండ్లు దాటినది. బెంగాల్ నాగపూర్ రైల్వేలో కొలువునకై శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమలనుండి వచ్చిన కుటుంబములు క్వార్టర్లలోను, ఝపటాపూర్ వంటి పేటలలోను నిలద్రొక్కుకొని, పెరటిలో నొక మునగచెట్టును, వాకిట నొక కుక్కను పెంచుకొనిరి. ఆ కుక్కకు బెంగాలీ, తెలుగు అను భేదము లేదు. పిడికెడన్నము పెట్టిన వాకిలియే దానికి స్వస్థలము. అట్టి కుక్క ప్రేగులలో కాపురముండు నొక అల్పజీవి ఇంటి పిల్లల ప్రేగులలోనికి వచ్చు విధమెట్టిదో విచారించుటయే నేటి ప్రసంగవిషయము.

దీనిని కొంకిపురుగందురు. నిడివి సుమారొక సెంటీమీటరు. తెల్లని దారపుముక్కవలె నుండును. తల వెనుకకు వంగి కొంకిని పోలియుండుటచేత ఆ పేరు వచ్చినది. చిన్నప్రేగు గోడను కఱచిపట్టి నెత్తురు త్రాగుట దీని వృత్తి. మనుష్యులలో వసించు పెద్దజాతి పురుగొక్కటి దినమునకు 0.15 మొదలు 0.2 మిల్లీలీటర్ల నెత్తురును హరించును. ఇది లెక్కింపదగనిదిగా తోచవచ్చును. కాని నూఱు పురుగులున్న బిడ్డ దినమునకు 15 నుండి 20 మిల్లీలీటర్లు కోల్పోవును. ఆ బిడ్డ పాలిపోవును, ఆయాసపడును, బడిలో కునికిపాట్లు పడును. తల్లిదండ్రులు సోమరితనమని కోప్పడుదురు! గర్భిణీస్త్రీలకు ఈ నష్టము మఱింత ప్రమాదకరము.

మలముతో వెలువడిన గ్రుడ్డు తడినేలపై, నీడపట్టున, ఒకటి రెండు దినములలో పగులును. అందుండి వచ్చిన పిల్లపురుగు ఐదు మొదలు పది దినములలో చర్మమును దూరుటకు సమర్థమగును. నేల అనుకూలించినచో మూడు నాలుగు వారములు కాచుకొని యుండును. వట్టికాలు తగిలిన చాలును. చర్మముగుండ నెత్తుటిలో బడి, గుండెను దాటి, ఊపిరితిత్తులకు చేరి, గొంతుకెక్కి, మ్రింగబడి ప్రేగులకు దిగును. ఇంతటి చుట్టుదారి ఏ రైల్వే టైముటేబులులోను కానరాదు. ఈ మార్గమును కనిపెట్టినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు ఆర్థర్ లూస్. కైరోలో ప్రయోగము చేయుచుండగా పురుగులున్న నీరు ఆయన చేతిపై పడెను, చేయి దురదపెట్టెను, కొంతకాలమునకు ఆయన మలమునందే గ్రుడ్లు కనబడెను. ఆ సంగతిని ఆయన 1898లో లోకమునకు ప్రకటించెను.

కుక్కల పురుగు మనుష్యుని ప్రేగులో నిలువజాలదని పలువురు చాలకాలము ధైర్యముగా నుండిరి. ఆ ధైర్యమునకు కొంత ఆధారము లేకపోలేదు. కుక్కల కొంకిపురుగులలో నొకటి మనుష్యచర్మములోనికి దూరి, లోతునకు పోజాలక, చర్మము క్రిందనే వంకరటింకరగా ప్రాకుచు ఎఱ్ఱని చారలు తేల్చి, వారములపాటు దురదపెట్టి నశించును. మఱియొకటి ప్రేగును చేరినను అందు గ్రుడ్లు పెట్టజాలదు. కాని తీవ్రమైన కడుపునొప్పి కలిగింపగలదని ఆస్ట్రేలియా వైద్యులు 1990లో వెల్లడించిరి.

చిక్కంతయు మూడవదానితోనే. 1911లో లూస్ సింహళపు పునుగుపిల్లిలో దీనిని గుర్తించి, ఆ దేశము పేరే దీనికి పెట్టెను. 1913లో క్లేటన్ లేన్ అను వైద్యుడు బంగాళపు ఖైదీలలో ఇదే పురుగును చూపెను. ఇంతలో పండితులు, ఇది 1910లో బ్రెజిలునందు వర్ణింపబడిన పురుగే కాని వేఱు కాదనిరి. కచేరీ భాషలో చెప్పవలెనన్న, రెండు వేఱు వ్యవహారములను ఒకే ఫైలులో కట్టి బీరువాలో పెట్టిరి. 1951లో ఇటలీ శాస్త్రజ్ఞుడు బియోక్కా ఆ దారము విప్పి, రెండును వేఱని స్థిరపఱచెను. 1972లో చౌధురి, షాడ్ అనువారు కలకత్తా పరిసరముల మనుష్యులలో దీనిని మరల చూపిరి. కలకత్తా ఎంత దూరము? ఖరగపూరున ఉదయము బండి యెక్కినవాడు కచేరీ వేళకు చేరు దూరము.

ఈ జాతి కుక్కలోను, పిల్లిలోను, మనుష్యునిలోను ఒకే తీరున పెరిగి గ్రుడ్లు పెట్టును. చర్మముగుండనే కాక నోటిగుండ కూడ ప్రవేశించును. కాంబోడియాలోని యొక పల్లెలో 2012లో పరీక్షింపగా, కొంకిపురుగులున్న మనుష్యులలో దాదాపు సగముమందికి ఉన్నది ఇదియే. సూక్ష్మదర్శినిలో ఈ పురుగుల గ్రుడ్లన్నియు ఒక్కపోలికనే యుండును గనుక సాధారణ మలపరీక్షలో జాతి తేలదు. బిడ్డకు పురుగు ఇచ్చినది పొరుగింటివాడో, వాకిటి కుక్కయో ఆ కాగితము చెప్పదు.

పశ్చిమబంగాళములోనే జరిగిన మఱియొక పరిశోధన 1973లో వెలువడినది. మనుష్యుల కొంకిపురుగులలో నొక జాతి, ఎండకాలమున గ్రుడ్లు పెట్టిన ఫలము లేదని ఎఱిగినదానివలె, శరీరములోనే నిద్రించి, వానలు సమీపించు వేళకు మేలుకొని పెరుగునట. ఆషాఢమునకు ముందే విత్తనము సిద్ధపఱచుకొను రైతువలె!

పిల్లలకు నులిపురుగుల మాత్రలిచ్చు జాతీయ కార్యక్రమము 2015 ఫిబ్రవరి 10న ఆరంభమైనది. బడిలో ఆల్బెండజోల్ మాత్ర వేసికొన్న బిడ్డ ఇంటికి వచ్చి, అదే వాకిట, అదే కుక్కతో వట్టికాళ్లతో ఆడుకొనును. ఆ కుక్కకు మాత్ర ఇచ్చువారెవరు? ఆ ప్రశ్న ఏ శాఖకు చెందునో తేలునంతవఱకు ఇల్లాలే పూనుకొనవలయును. కుక్కలలో మిక్కిలి వ్యాపించిన జాతి తల్లిపాలతోనే పిల్లలకు సంక్రమించును గనుక, రెండు వారముల వయస్సునుండియే కుక్కపిల్లలకును, వానితోపాటు తల్లికిని పశువైద్యుని సలహాపై మందు వేయవలయును. వాకిటి మలమును ఏ దినమునకాదినమే తీసివేసినచో, పిల్లపురుగు కాలిని దూరు శక్తి సంపాదించులోపుననే నేల శుభ్రపడును. వానాకాలమున పిల్లల కాళ్లకు చెప్పులుండవలయును; ఇంటిలోనికి వచ్చునపుడు మాత్రము అవి గుమ్మము వెలుపలనే యుండనిండు.