రంధ్రం చిన్నది, ఆపరేషన్ చిన్నది కాదు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను. ఉర్దూ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. డాక్టర్లు మాట్లాడవలసిన విషయం నేను మాట్లాడటం కొంత సాహసమే. అయినా కార్యదర్శిగారు "మాస్టరుగారూ, ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నప్పుడు విషయం కోసం నేను వెతుక్కోవలసిన పని లేకపోయింది. మా ఇంట్లో జరిగిన సంగతే కళ్ళ ముందు నిలిచింది.

మా చెల్లెలికి ఒక రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. తెల్లవారేసరికి ఆ నొప్పి కుడివైపు కిందికి దిగింది. వాంతులు పట్టుకున్నవి. రాచర్ల నుంచి గిద్దలూరు, అక్కణ్ణించి ఇంకా పెద్ద ఊరు తీసుకుపోయాము. అపెండిక్స్ వాచిందని, దూర్బీన్‌తో ఆపరేషన్ చేస్తామని డాక్టరుగారు చెప్పారు. చేశారు, బాగానే చేశారు. మూడో రోజుకు ఇంటికి వచ్చింది. పొట్ట మీద చూస్తే మూడంటే మూడే చిన్న గాట్లు. చూడవచ్చిన వాళ్ళందరితో "ఏం లేదండీ, చిన్న ఆపరేషన్" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఆ మాట విని ఇంట్లోవాళ్ళు ఐదో రోజుకే ఆమె చేతికి నీళ్ళ బిందె ఇచ్చారు. ఆరో రోజు జ్వరం వచ్చింది. చిన్న ఆపరేషన్‌కు ఇంత గొడవ ఎందుకులే అని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో రోజుకు పొట్ట ఉబ్బి, లేవలేకపోయింది. పరుగున తీసుకుపోతే లోపల చీము చేరిందన్నారు. అల్లా దయవల్ల బతికి బయటపడింది. డాక్టరుగారు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "జ్వరం వస్తే ఆ రోజే రమ్మని కాగితం మీద రాసిచ్చాము గదా, మీ ఇంట్లో ఎవరూ చదవలేదా?" పదిమంది పిల్లల చేత చదివించే నేను ఆ కాగితం చదవలేదు. తల దించుకున్నాను.

అప్పటినుంచి ఈ ఆపరేషన్ గురించి తెలిసినవారిని అడిగి, చదివి, కొంత తెలుసుకున్నాను. అదే మీకు మనవి చేస్తాను.

డాక్టర్లు దీనిని ల్యాపరోస్కోపీ అంటారు. మనవాళ్ళు దూర్బీన్ ఆపరేషన్ అంటారు. దూర్బీన్ అంటే దూరాన ఉన్నదాన్ని చూపించేది. తెలుగులో దుర్భిణి అన్నా ఆ మాటే. పండుగ చంద్రుణ్ణి చూడటానికి పనికివచ్చే వస్తువు పేరు కడుపు లోపల చూసే పరికరానికి వచ్చింది. అరచేతి దూరంలో ఉన్న పొట్ట కూడా మనిషికి ఆకాశమంత దూరమే గదా!

పద్ధతి ఇది. రోగికి పూర్తి మత్తు ఇస్తారు. సాధారణంగా బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి కార్బన్ డయాక్సైడ్ పంపుతారు. గోలీసోడాలో ఉండే గ్యాసే అది. ఆ గ్యాసుతో పొట్ట గోడ గుడారంలాగా పైకి లేస్తుంది. లోపల పని చేయటానికి చోటు దొరుకుతుంది. ఒత్తిడి 12 నుంచి 15 మిల్లీమీటర్లు దాటకుండా యంత్రం కనిపెట్టి ఉంటుంది. బి.పి. కొలిచే లెక్కే ఇది, అందులో పై అంకె 120 అయితే ఇది దానిలో పదో వంతు పైచిలుకు. మరి ఈ గ్యాసే ఎందుకు? ఇది నిప్పు అంటుకోదు. లోపల కరెంటుతో రక్తనాళాలను మాడ్చవలసి ఉంటుంది కాబట్టి అది ముఖ్యం. పైగా రక్తంలో త్వరగా కలిసి, ఊపిరితో బయటికి పోతుంది. ఆ తర్వాత చిటికెన వేలంత గొట్టం దూర్చి, దానిలో దీపం, కెమెరా పంపుతారు. మరి రెండు మూడు రంధ్రాల నుంచి పొడవాటి కత్తెరలు, పటకార్లు వెళ్తాయి. డాక్టరు టి.వి. తెర మీద చూస్తూ పని చేస్తారు. అపెండిక్స్ తీసినా, పిత్తాశయం రాళ్ళతో సహా తీసినా జానెడు కోత లేదు. నొప్పి తక్కువ, మంచం మీద ఉండే రోజులు తక్కువ. ఇది నిజమైన మేలు. నేను దీనిని కాదనటానికి నిలబడలేదు.

ఈ విద్య ఒక్క రోజులో రాలేదు. 1901లో జర్మనీలో కెల్లింగ్ అనే డాక్టరు కుక్క కడుపులో గాలి నింపి చూశాడు. 1910లో స్వీడన్ దేశపు యాకోబియస్ మనుషుల కడుపులో చూసినట్లు ప్రకటించాడు. చాలా కాలం ఇది చూడటానికే గాని చేయటానికి కాదు. 1980లో జర్మనీలో కర్ట్ సెమ్ అనే స్త్రీల వైద్యుడు ఈ పద్ధతిలో అపెండిక్స్ తీస్తే, ఆయనను వైద్యం చేయనివ్వకూడదని తోటి సర్జన్లే అడ్డుపడ్డారు. 1985లో అదే దేశంలో ముహె అనే సర్జన్ పిత్తాశయం తీశాడు. ఆయనకూ మొదట దక్కినది హేళనే. మరి కొన్నేళ్ళకు లోకమంతా ఆ దారినే పట్టింది.

మన దేశంలో బొంబాయి డాక్టరు తెహెమ్‌టన్ ఉద్వాడియా పేరు చెప్పుకోవాలి. 1972 నుంచి ఆయన జె.జె. ఆస్పత్రిలో బీదల కడుపు జబ్బులను ఈ దూర్బీన్‌తో పరీక్ష చేశారు. స్కానింగులు లేని ఆ రోజుల్లో, పొట్టలో నీరు చేరినవాడికి అది కాలేయం జబ్బా, క్షయా, క్యాన్సరా అని తేల్చటం ఎంత కష్టం! కడుపులో క్షయ ఉంటే లోపలి పొర మీద తెల్లని గింజల్లాంటివి కనిపిస్తాయి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే సంగతి తేలుతుంది. మందులతో నయమయ్యే జబ్బుకు పొట్ట కోయవలసిన పని తప్పుతుంది. 1990లో మన దేశంలో మొదటి దూర్బీన్ పిత్తాశయ ఆపరేషన్ చేసినదీ ఆయనే. మన హైదరాబాదులో డాక్టర్ నాగేశ్వరరెడ్డి, డాక్టర్ జి.వి.రావు ఇంకొక అడుగు ముందుకు వేసి, నోటి గుండా గొట్టం పంపి, జీర్ణకోశం గోడ దాటి అపెండిక్స్ తీసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచారు. చర్మం మీద గాటే లేదు. కాని లోపల జరిగినది మాత్రం ఆపరేషనే గదా!

ఇక అసలు సంగతికి వస్తాను. మన పల్లెలకు ఈ దూర్బీన్ ఎక్కువగా వచ్చింది పిత్తాశయం కోసం కాదు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోసం. ఆస్పత్రివారు డి.పి.ఎల్. అంటారు. ఆ ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అనే చర్చ జోలికి నేను పోను, ఎవరి అభిప్రాయం వారిది. నేను చెప్పేది ఒక్కటే. క్యాంపులో వరుసగా పడుకోబెట్టి, ఒకరి తర్వాత ఒకరికి చేసేసరికి "ఇది చిన్న పని" అనే భావం అందరిలో పాతుకుపోయింది. చేసేవారిలోనూ, చేయించుకునేవారిలోనూ.

ఆ భావం ఎంత ఖరీదు చేసిందో చూడండి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో, ఒకే రోజు, 83 మంది స్త్రీలకు ఈ ఆపరేషన్ చేశారు. పదిమందికి పైగా చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు యిట్టి క్యాంపులను మూడేళ్ళలో మానిపించాలని ఆదేశించింది. అయినా 2022 ఆగస్టు 25న మన పక్కనే, తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో, 34 మందికి ఒకే రోజు డి.పి.ఎల్. చేశారు. కొద్ది రోజుల్లో నలుగురు తల్లులు పోయారు. మిగిలినవారిని హైదరాబాదు ఆస్పత్రులకు తరలించవలసి వచ్చింది. ఆ నలుగురూ పిల్లల తల్లులే. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తామనుకున్నవారే. పొట్ట మీద గాట్లు మాత్రం చిన్నవే.

రంధ్రం చిన్నదైనా దాని గుండా పోయేది కడుపులోకే. పరికరం శుద్ధిగా లేకపోతే ఆ చిన్న రంధ్రమే క్రిమికి పెద్ద వాకిలి. లోపల పేగుకో నాళానికో దెబ్బ తగిలితే బయటికి కనిపించదు.

అందుచేత నేను కొన్ని మనవులు చేస్తాను.

మొదటిది, ఆలస్యం చేయవద్దు. కడుపునొప్పి కుడివైపు కిందికి దిగి వాంతులు అవుతుంటే వాము కషాయాలతో రెండు రోజులు గడపకండి.

రెండవది, అడగండి. ఆపరేషన్ ఎవరు చేస్తారు, మత్తు ఎవరు ఇస్తారు, రాత్రికి ఎవరు చూస్తారు, ఏదైనా తేడా వస్తే ఎక్కడికి రావాలి. అడగటం అమర్యాద కాదు. డబ్బు విషయంలో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఇప్పుడు మన రాష్ట్రంలో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అనే పేరుతో నడుస్తున్నది. మీ జబ్బు అందులోకి వస్తుందో లేదో చేరేముందే కనుక్కోండి.

మూడవది, దాచవద్దు. ఉబ్బసం, గుండెజబ్బు, షుగరు, పాత ఆపరేషన్లు, వాడే మాత్రలు అన్నీ చెప్పండి. ఏమీ తినవద్దన్న గంట నుంచి తినవద్దు. రోజా ఉండే మనకు ఇది కష్టం కాదు. కాని ప్రేమకొద్దీ దొంగచాటుగా చాయ్ తాగించి పంపే అమ్మలు ఉన్నారు. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

నాలుగవది, రంధ్రాలతో మొదలుపెట్టి మధ్యలో పెద్ద కోత పెట్టారంటే మోసపోయామని అనుకోకండి. లోపల చిక్కుగా ఉంటే కోత పెట్టటమే వివేకం.

ఐదవది, అన్నింటికంటే ముఖ్యం. ఇంటికి వచ్చిన తర్వాత భుజం నొప్పి ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. అది ఆ గ్యాసు వల్ల, తగ్గిపోతుంది. కాని నొప్పి రోజురోజుకు తగ్గాలి గాని పెరగకూడదు. జ్వరం, పొట్ట ఉబ్బటం, ఆగని వాంతులు, ఆయాసం, గాటు నుంచి చీము, వీటిలో ఏది కనిపించినా తెల్లవారనివ్వకుండా చూపించండి.

మగవారికి ఒక మాట. ఆపరేషన్ అయిన ఇల్లాలు తనంతట తాను "నాకు బాగాలేదు" అనదు. ఆమె నోటితో చెప్పేదాకా ఆగవద్దు. రోజుకు రెండుసార్లు నుదుటి మీద చెయ్యి పెట్టి చూడండి. డాక్టరు చెప్పిన గడువు దాకా బిందె మీరే ఎత్తండి. ఆస్పత్రివారు ఇచ్చిన కాగితం ఇంట్లో చదువుకున్న పిల్లల చేత బిగ్గరగా చదివించుకోండి.

మా చెల్లెలు ఈరోజు ఈ సభలోనే ఉంది. ఆమె బాగానే ఉంది. మొన్న ఎవరో ఆమె గాట్లు చూసి "చిన్న ఆపరేషనే గదమ్మా" అన్నారట. "రంధ్రం చిన్నది, మా అన్నను అడగండి మిగతాది" అన్నదట. ఆ మిగతాదే నేను మీకు చెప్పినది.