ఊపిరికి మతభేదం లేదు



“ఉత్త జలుబే కదా” అని మనం తేలికగా తీసుకునే వ్యాధిని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము. కరోనా అనే పేరు మనలో చాలామంది 2020లోనే విన్నారు. అయితే ఆ కుటుంబానికి చెందిన వైరస్‌లు అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే మన ఇళ్లలో ఉన్నాయి. మనుషులకు సోకే కరోనా వైరస్‌లు ప్రధానంగా ఏడు. వాటిలో 229ఇ, ఓసీ43 అనే రెండింటిని 1960లలో గుర్తించారు. ఎన్‌ఎల్63 గురించి 2004లో నెదర్లాండ్స్‌లోను, హెచ్‌కేయూ1 గురించి 2005లో హాంకాంగ్‌లోను శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఈ నాలుగూ సాధారణంగా జలుబు కలిగించేవే. 2002లో మొదలైన సార్స్, 2012లో బయటపడిన మెర్స్, 2019లో తలెత్తిన కోవిడ్ వ్యాధులకు కారణమైనవి తక్కిన మూడు.

ఇవి వ్యాపించే తీరు దాదాపు ఒక్కటే. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, మాట్లాడినప్పుడు కూడా తుంపరలు వెలువడతాయి. పెద్దవి దగ్గరున్నవారి మీద పడతాయి. అతిసూక్ష్మమైనవి గాలి ఆడని గదిలో కొంతసేపు తేలియాడుతూ ఉంటాయి. వైరస్ అంటిన చేతితో కళ్లు, ముక్కు, నోరు తాకినా సోకవచ్చు. అది ముక్కు, గొంతు లోపలి పొరల్లో చేరి పెరుగుతుంది. ముక్కు కారడం, గొంతునొప్పి, దగ్గు, తలనొప్పి, జ్వరం దాని లక్షణాలు. ఒకసారి వచ్చిపోయినంత మాత్రాన శాశ్వత రక్షణ ఉండదు, ఏడాది తిరిగేసరికి మళ్లీ సోకవచ్చు. వైరస్ మీద యాంటీబయాటిక్ మాత్రలు పనిచేయవు. డాక్టరు చెప్పకుండా మందుల షాపులో కొని మింగితే డబ్బు దండగ, ఒంటికి చేటు.

ఆరోగ్యవంతులకు ఇది కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. పసిబిడ్డలకు, వృద్ధులకు, ఉబ్బసం, షుగరు, గుండెజబ్బు ఉన్నవారికి మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా కావచ్చు. మన సీమలో మరొక ప్రమాదం కూడా ఉన్నది. బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతాల్లో నాపరాళ్లు కోసి పాలిష్ పట్టేవారు, మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసేవారు, దూది ఏకే వృత్తిలో ఉన్నవారు ఏళ్ల తరబడి దుమ్ము పీలుస్తున్నారు. ఆ దుమ్ముతో ముందే దెబ్బతిన్న ఊపిరితిత్తులకు మామూలు జలుబైనా బరువే. కర్నూలు పాతబస్తీలోను, కడప పాత వీధుల్లోను ఒకే గదిలో ఇంటిల్లిపాదీ పడుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఒకరి దగ్గు అందరి దగ్గు అవుతుంది.

2020 ఏప్రిల్‌ను మనం మరువలేము. ఆ నెలలో రాష్ట్రంలో కోవిడ్ తీవ్రంగా ఉన్న జిల్లాల్లో కర్నూలు ముందు నిలిచింది. కర్నూలు, కడప జిల్లాల తొలి కేసుల్లో చాలా వరకు ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సమావేశానికి వెళ్లివచ్చినవారివి, వారి బంధువులవి. మూసిన గదుల్లో జనం దగ్గర దగ్గరగా ఉన్నందున వ్యాధి సోకింది, ముస్లిములైనందున కాదు. కాని నింద ఒక సమాజం మొత్తం మీద పడింది. ఆ సమావేశానికి వచ్చిన విదేశీయులపై కేసులను 2020 ఆగస్టులో ముంబయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకుని ఉండవచ్చునని వ్యాఖ్యానించింది. వారికి ఆశ్రయమిచ్చారంటూ 70 మంది భారతీయులపై పెట్టిన కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జులైలో కొట్టివేసింది.

అదే ఏప్రిల్ 14న కర్నూలులో డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ కన్నుమూశారు. రెండు రూపాయల డాక్టరుగా పేరొందిన ఆయనకు కోవిడ్ సోకినట్టు తరువాత తేలింది. దశాబ్దాలపాటు ఆయన వద్దకు అన్ని మతాల పేదలూ వచ్చారు. సరిహద్దు దాటి తెలంగాణ, కర్ణాటకల నుంచి కూడా వచ్చారు. ఎవరు ఏ మతమని ఆయన అడగలేదు. వ్యాధి కూడా అడగలేదు.

వ్యాధికన్నా నిందకు భయపడి జ్వరాన్ని దాచుకున్న కుటుంబాలను మేము చూశాము. అలా దాచినందువల్ల ముందుగా నష్టపోయేది ఆ ఇంటిలోని ముసలివారూ పసివారూ. కనుక ఎవరు ఏమన్నా సరే, ఆయాసం, ఛాతీనొప్పి, పెదవులు నీలబడటం, బిడ్డ పాలు తాగకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా క్షయ పరీక్ష చేయించుకోండి. జలుబు చేసిన రోజుల్లో పిల్లలను తాతయ్య, నానమ్మల పక్కన పడుకోబెట్టకండి. కిటికీలు తెరవండి. సబ్బుతో చేతులు కడగండి. తుమ్మేటప్పుడు ముఖానికి గుడ్డ అడ్డుపెట్టుకోవడం మన ప్రవక్త వారు ఆచరించి చూపినదే. జలుబుతో ఉన్నవారు ఆ కొద్దిరోజులు మసీదుకు బదులు ఇంటిలోనే నమాజు చేసుకోవడం సాటివారిపట్ల మర్యాద.

ఇవి మన బాధ్యతలు. ప్రభుత్వం బాధ్యత వేరే ఉన్నది. మన పేటల్లోని ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, మందులు, ఆక్సిజన్ ఉండాలి. రాళ్ల ఫ్యాక్టరీల్లో దుమ్ము అణిచే ఏర్పాటు ఉండాలి. ఉర్దూ రాష్ట్రంలో రెండవ అధికార భాష గనుక ఆరోగ్య ప్రకటనలు ఉర్దూలోనూ రావాలి. నోటిమాటగా అడిగినది ఫైలుకు ఎక్కదు. అర్జీ రాయండి, పదిమంది సంతకాలు చేయండి, రశీదు తీసుకోండి. దశాబ్దాలపాటు ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైళ్లు నడిపిన అనుభవంతో చెబుతున్నాము: రశీదు ఉన్న అర్జీకి ఎప్పటికైనా జవాబు చెప్పక తప్పదు.