పాత మియాటాకు ఏ చక్రాలు?

1989లో వచ్చిన మాజ్దా ఎమ్‌ఎక్స్-5 ఇద్దరు కూర్చునే చిన్న స్పోర్ట్స్ కారు. అమెరికా వాళ్లు దాన్ని మియాటా అంటారు. తొలి తరం కార్లకు వచ్చిన 14 అంగుళాల అల్లాయ్ చక్రాలు చాలా తేలిక. చక్రం తేలికైతే గతుకుల మీద టైరు రోడ్డును వదలదు, స్టీరింగ్ చెప్పిన మాట వింటుంది. అందుకే నా ఓటు వాటికే.

15 అంగుళాలే కావాలంటే 195/50 టైరు వేయించండి. పాత 185/60 టైరుతో పోలిస్తే వ్యాసంలో తేడా రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, స్పీడోమీటరు లెక్క తప్పదు. కొత్త చక్రం మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్ల కన్నా పెద్దదైతే, ఆ ఖాళీని నింపే హబ్ రింగు వేయించడం మంచిది.

ఇక పాత చక్రాలను బాగుచేయించడం. టైరు విప్పించి, ముందు లోపలి వైపు చూడండి. రంగు కింద పురుగు పాకినట్టు తెల్లటి చారలు కనిపిస్తాయి. అదే అల్యూమినియం తుప్పు. టైరు ఆనుకునే అంచులో అది ఉంటే గాలి మెల్లమెల్లగా దిగిపోతుంది. వెంట్రుకంత పగులు కనిపించినా ఆ చక్రాన్ని వదిలేయండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

పాత రంగు తీశాక పౌడర్ కోటింగ్ వేసి, ఓవెన్‌లో సుమారు 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. వేడి మితిమీరితే లోహం బలం తగ్గుతుంది. ఎంత వేడి, ఎంతసేపు అని ముందే అడగండి. నట్లు కూర్చునే చోట మాత్రం కోటింగ్ పడనివ్వొద్దు. పడితే ఆ పొర నలిగి నట్టు వదులవుతుంది. టార్క్ రెంచ్‌తో బిగించి, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచూసుకోండి.