వెలుతురు సాయమే, నడక మనదే

నేను జీవితమంతా ఫైళ్లు నడిపిన గుమాస్తాను, డాక్టరును కాను. నా కాలికి జరిగిన సంగతి పదిమందికి పనికివస్తుందని కార్యదర్శి గారు కోరినందున నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

నిరుడు లైఫ్ సర్టిఫికెట్ పని మీద ఆత్మకూర్ నుండి సూర్యాపేట వెళ్లినాను. బస్సు దిగుతూ తొందరపడి మెట్టు తప్పినాను. పిక్క మీద ఎవరో కర్రతో కొట్టినట్లయింది. సాయంత్రానికి కాలు వాచింది. డాక్టరు గారు స్కాన్ తీయించి, రక్తం గడ్డకట్టలేదని రూఢి చేసుకున్న తరువాతనే, "కండ కొంత చినిగింది, మానడానికి వారాలు పడుతుంది" అన్నారు. మన వయసులో పిక్క వాస్తే ముందు డాక్టరుకు చూపించాలి. నూనె రాసి తోమించుకోవద్దు.

ఇంతలో ఒకచోట లేజర్ వెలుతురుతో పది సిట్టింగులలో నయం చేస్తామని, వ్యాయామం అక్కరలేదని చెప్పినారు. ముందే డబ్బు కట్టినాను. నొప్పి కొంత తగ్గింది. కానీ మూడు వారాలు కదలకుండా పడుకున్నందున కాలు సన్నబడింది. ఇంటి అరుగు ఎక్కడానికి మా ఇంటావిడ భుజం పట్టుకోవలసి వచ్చింది. ఆమెకే మోకాళ్ల నొప్పులు! ఆ రోజు సిగ్గుపడి, ఈ లేజర్ సంగతేమిటో తెలుసుకోవాలని కూర్చున్నాను.

లేజర్ పరికరం 1960లో వచ్చింది. 1967లో హంగరీ దేశపు బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే డాక్టరు, ఈ కిరణాల వల్ల క్యాన్సర్ వస్తుందేమోనని ఎలుకల వెంట్రుకలు గొరిగి వాటిపై ప్రయోగించినారు. క్యాన్సర్ రాలేదు. పైగా వెలుతురు తగిలినచోట వెంట్రుకలు త్వరగా మొలిచినవి. తరువాత ఆయన మానని పుండ్లపై కూడా ఇదే ప్రయత్నించినారు.

ఇది కోసే లేజర్ కాదు, కాల్చదు. ఎరుపు కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని కొద్ది శక్తితో చర్మంపై ప్రసరింపజేస్తారు. మన కణాలలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు ఉన్నవి. దెబ్బతిన్న కణంలో నైట్రిక్ ఆక్సైడ్ అడ్డుపడి ఆ పని మందగిస్తుందని, వెలుతురు ఆ అడ్డు తొలగిస్తుందని శాస్త్రజ్ఞుల భావన. మన భాషలో చెప్పాలంటే, బల్లపై ఆగిన ఫైలును కదిలించడం. అయితే మోతాదు ముఖ్యం. 100 మిల్లీవాట్ల పరికరం 40 సెకన్లు పెడితే 4 జౌళ్లు. తక్కువైతే ఫలితం ఉండదు, ఎక్కువైతే మేలు తగ్గిపోవచ్చును.

మరి రుజువులు? 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష మెడనొప్పిపై 16 పరీక్షలను, 820 మంది రోగుల వివరాలను పరిశీలించి, నొప్పి తగ్గుతుందని ప్రకటించింది. క్యాన్సర్ చికిత్సలో వచ్చే నోటిపూతను నివారించడానికి కొందరు రోగుల విషయంలో అంతర్జాతీయ నిపుణులు దీనిని సిఫారసు చేస్తున్నారు. చినిగిన కండ విషయంలో మాత్రం జంతువులపై చేసిన ప్రయోగాలే ఎక్కువ, మనుషులలో రుజువు తక్కువ. అంటే నాకు చెప్పిన మాట రుజువును దాటిపోయింది.

తరువాత ఒక ఫిజియోథెరపిస్టు గారు గోడ పట్టుకొని మడమలు లేపడం నేర్పించినారు. మొదట ఐదుసార్లు, క్రమంగా ఇరవైసార్లు. రెండు నెలలకు ఎవరి భుజమూ పట్టకుండా అరుగు ఎక్కినాను. ఈ సభకు బస్సులోనే వచ్చినాను, ఈసారి మెల్లగా దిగినాను!

కనుక లేజర్ చెడ్డదని నేను అనను. డబ్బు కట్టేముందు అడగండి: నా జబ్బు పేరేమిటి? మోతాదు ఎంత? కళ్లద్దాలు ఇస్తారా? వ్యాయామం ఎవరు నేర్పుతారు? క్యాన్సర్ గడ్డ ఉన్నచోట డాక్టరు సలహా లేనిదే పెట్టించుకోవద్దు. వృద్ధుల కోసం 2010లో మొదలైన జాతీయ ఆరోగ్య కార్యక్రమంలో జిల్లా ఆస్పత్రులలో ఫిజియోథెరపీ కూడా భాగమే. ముందు అక్కడ విచారించండి.

పెన్షన్ మనం కష్టపడి సంపాదించుకున్నది, కాలు కూడా అంతే. రెంటినీ జాగ్రత్తగా వాడుకుందాం.