సబ్బుకు కంపెనీ నునుపు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక నేనూ, మా ఇంటావిడా కొబ్బరినూనె సబ్బులు చేయడం మొదలుపెట్టాం. నునుపుమీద మోజుతో తొలి విడత బిళ్ళలకు మూడోరోజే ముద్ర వేసి, వారం తిరక్కుండా పక్కింటాయనకు అమ్మాను. నాలుగు రోజులకే అవి సబ్బుపెట్టెలో ముద్దయ్యాయి. ఆయన పల్లెత్తు మాట అనలేదు. మళ్ళీ అడగనూ లేదు. ముప్పయ్యేళ్ళు ఫిట్టరుగా పనిచేసిన నాకు తల కొట్టేసినట్లయింది.

కంపెనీలలో సబ్బును ముందే ఆరబెట్టి, రోలర్లమధ్య నలిపి, కడ్డీగా తీసి, కోసి, అచ్చు వేస్తారు. మన సబ్బులో నీరెక్కువ. పచ్చిగా నొక్కితే అచ్చుకు అంటుకుంటుంది. మరీ ఆరితే అంచులు పగులుతాయి. వేలితో నొక్కితే అంటకుండా కాస్త సొట్ట పడాలి. అదే అదను. బిళ్ళను చెక్కి, పొడవు వెడల్పుల్లో అచ్చుకన్నా వెంట్రుకవాసి తక్కువ, మందంలో కాస్త ఎక్కువ ఉంచండి. పైనా కిందా పలుచని ప్లాస్టిక్ కాగితం పెట్టి, స్క్రూ ప్రెస్సును నెమ్మదిగా బిగించండి. తర్వాత తడిగుడ్డతో తుడిస్తే నునుపు తేలుతుంది.

ముద్ర పడితే పని అయిపోలేదు. గాలి తగిలేచోట, అటూఇటూ తిప్పుతూ నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వాలి. ఇంకొక్క మాట: కాస్టిక్ సోడాను నీళ్ళలో కొద్దికొద్దిగా వేయాలి, దానిమీద నీళ్ళు పోయరాదు. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. మనవలను దగ్గరికి రానివ్వకండి.

ఇప్పుడు ప్రతి బిళ్ళ కాగితంమీద చేసిన తేదీ రాస్తున్నాను. మొన్న పక్కింటాయనకు ఒకటి ఊరికే ఇచ్చాను. తేదీ చూసి, వేళ్ళమీద లెక్కపెట్టి, నవ్వుతూ తీసుకున్నారు.

సెలవు.