రెజిన్ బొమ్మల కూర్పు

కొండపల్లి శిల్పి తెల్లపొణికి కొయ్యతో బొమ్మ అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకును. రెజిన్ బొమ్మల కూర్పు ఆ విద్యకు దూరపు చుట్టము. ద్రవరూపమున నున్న పాలీయురెథేన్ రెజిన్‌ను సిలికోన్ రబ్బరు అచ్చులలో పోసి, గట్టిపడిన భాగములను విడివిడిగా పెట్టెలలో అమ్ముదురు. 1980 దశకమున జపానులో ఔత్సాహికులు ఇట్టివి స్వయముగా పోతపోసిరి; వానికి ‘గ్యారేజ్ కిట్లు’ అని పేరు.

బొమ్మ అందము అతుకుటకు ముందే నిర్ణయమగును. అచ్చునుండి సులభముగా ఊడుటకై పూసిన జిడ్డు భాగములపై మిగిలియుండును. సబ్బునీట కడుగకున్న రంగు పెచ్చులూడును. వంకరపోయిన భాగమును వేడినీట మెత్తపరచి, సరిచేసి, చన్నీట ముంచవలెను. ప్లాస్టిక్ బొమ్మల జిగురు రెజిన్‌ను కరిగింపజాలదు. ఎపాక్సీగాని, చప్పున అంటు సైనోఅక్రిలేట్‌గాని వాడవలెను. బరువైన అవయవములకు లోపల ఇత్తడితీగ దిగవేసిననే అతుకు నిలుచును.

అన్నిటికన్న ముఖ్యమొకటి కలదు. రెజిన్‌ను పొడిగా రుద్దరాదు. ఆ సన్నని ధూళి ఊపిరితిత్తులకు హాని. ముక్కునకు తగిన ముసుగు ధరించి, గరుకుకాగితమును తడిపి రుద్దవలెను. తొందర బొమ్మనే గాక చేయువానిని కూడ చెరచును. మక్కు ఆరువరకు వేచియుండు కొండపల్లి చేతులు నేర్పు పాఠమును ఇదియే.