భూమి బొమ్మలో రైతు ఏడి?

(పాలకుర్తిలో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధరలు, కరెంటు, కొనుగోళ్ల గురించి మాట్లాడే చోట బొమ్మల ముచ్చటేందని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. భూమిని ఎవరు ఏ కంటితో చూస్తున్నారో బొమ్మ చెబుతుంది.

మన దగ్గర మానుకోట వైపు పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. తిరిగొచ్చి మన బండలను, చెట్లను ప్రేమతో గీశారు. అవే బండలు ఇవాళ క్వారీ లెక్కల్లో ఘనపు మీటర్లయినయి. సిద్దిపేట కాపు రాజయ్య గారు పల్లె మనుషులను, వాళ్ల పనిని, పండుగలను గీశారు. ఆయన బొమ్మల్లో ఊరంటే మనుషులే.

అమెరికాలో ప్రెయిరీలనే గడ్డి మైదానాలున్నాయి. గోధుమ ధర పెరిగితే ఆశతో, పడిపోతే అప్పు తీర్చడానికి రైతులు ఆ గడ్డిని దున్నేశారు. 1930ల్లో వానలు లేక, వేళ్ల పట్టు తప్పిన మట్టి దుమ్ము తుఫానై లేచింది. టెక్సాస్ చిత్రకారుడు అలెగ్జాండర్ హోగ్ 1934లో ఇసుకలో కూరుకుపోతున్న ఇల్లును, బక్కచిక్కిన ఆవును, కాచుకు కూర్చున్న రాబందును గీశాడు. 1936లో కోతపడ్డ నేలను తల్లి రూపంలో చూపి, ముందు నాగలిని పెట్టాడు. బొమ్మ నిజమే. కానీ నాగలి కనబడుతుంది, దాన్ని తోలించిన మార్కెట్టు, అప్పు కనబడవు. నింద రైతు మీదనే పడుతుంది.

మన కాగితాల్లో ఇంకో తీరు. అక్కడ దున్నేవాడే కనబడడు. ఈ పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమిలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనీయలేదు. ఆ గడ్డ మీద ఇవాళ కౌలు రైతు పేరు ఏ పాసుపుస్తకంలో ఉంది? 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది, చెమటోడ్చిన కౌలుదారుకు అందలేదు. పంట మునిగినా, ఎండినా అతని పేరు వెతికితే దొరకదు.

అందుకే సంఘం తరఫున ఒక పని చేద్దాం. ప్రతి ఊళ్లో బడి పిల్లలతో మన చెరువు, బండ, బావి, చెలకల బొమ్మ గీయిద్దాం. ఏ చెలకను ఎవరు సాగు చేస్తున్నరో అందులో రాయిద్దాం. దాన్ని గ్రామసభలో అందరి ముందు పెట్టి, సాగుదారుల పేర్లు రికార్డులో ఎక్కించాలని అడుగుదాం.

దున్నేవాడు లేని భూమి బొమ్మ అబద్ధం. దున్నేవాడి పేరు లేని రికార్డూ అంతే.